ఆల్మా ఇంటి ఆకుపచ్చ జగ్గు

ఆ ఉదయం ఆకాశం కురవాలా మానాలా తేల్చుకోలేకపోయింది. మబ్బు కొండ నెత్తిదాకా దిగి అక్కడే ఆగిపోయింది. ఒహాయో నది మీద నుంచి లేచిన పొగమంచు లోయల్లోకి పాకుతోంది. రాత్రి పడిన నాలుగు చినుకులకి మట్టిరోడ్డు నల్లబడింది గాని బురద కాలేదు. వేలానికి ఇంతకన్న మంచి రోజు దొరకదన్నాడు లైల్ స్టాల్‌నేకర్, ట్రక్కు గేరు మారుస్తూ. ఎండ కాస్తే జనం గడ్డి కోతకి పోతారు. వాన పడితే ఇల్లు కదలరు. ఇటూ అటూ కాకుండా ఉంటేనే వస్తారు.

పక్కన కూర్చున్న అతని భార్య నొరీన్ ఆ మాట వినలేదు. ఒళ్ళో పాత పేపర్ల కట్ట పెట్టుకుని, ఆల్మా క్రౌస్ వంటింటి కిటికీ దగ్గర ఉండే జగ్గు గురించి ఆలోచిస్తోంది.

నొరీన్ స్కూలు బస్సు నడుపుతుంది. ఒక మే నెలలో బస్సు సరిగ్గా ఆల్మా గేటు ముందే ఆగిపోయింది. ముసలావిడ పిల్లలందర్నీ వసారాలో కూర్చోబెట్టి, ఆ జగ్గుతోనే మంచినీళ్ళు పోసింది. ఆకుపచ్చ గాజు. ఒంటి చుట్టూ ముడులు వేసిన తాడులాంటి అచ్చు. నీళ్ళు వంచినప్పుడు ఐసుముక్కలు గ్లాసులో పడకుండా మూతి దగ్గర లోపలికి మడిచిన అంచు. అది చూసి నొరీన్‌కి బస్సు సంగతే గుర్తులేకుండా పోయింది. అమ్ముతారా అని అడిగేసింది.

"నే పొయ్యాక వేలం వేస్తారు, అప్పుడొచ్చి పాడుకో," అంది ఆల్మా, కోపమేం లేకుండానే.

ఆ గాజేమీ గొప్పది కాదు. పనులు దొరకని కరువు రోజుల్లో కంపెనీలు కరిగిన గాజుని యంత్రంలో పోసి, అచ్చుతో నొక్కి, గుట్టలు గుట్టలుగా తీసిన సామాను. ఓట్సు డబ్బాలో ఒక గ్లాసు పెట్టేవాళ్ళు. సినిమాకి జనం రావడం లేదని మంగళవారం టికెట్టుతో ఒక పళ్ళెం ఇచ్చేవాళ్ళు. నొరీన్ వాళ్ళమ్మ అలా సినిమాలు చూసే నాలుగు పళ్ళేలు సంపాదించింది. ఆవిడ పోయాక అవి నొరీన్‌కి వచ్చాయి. ఆ నాలుగింటికి జత వెతకడం మొదలుపెట్టి, కప్పులూ, సాసర్లూ, వెన్నగిన్నె, దాని మూత, ఉప్పుబుడ్డీ అన్నీ కూడబెట్టింది. లైల్ ముందుగదిలో వాటికి అరలు కొట్టిచ్చాడు. మధ్య అరలో జగ్గు పట్టేంత జాగా ఖాళీగా ఉండిపోయింది. ఆ జగ్గు ఆమెకి ఇంకెక్కడా కనపడలేదు.

ఆల్మాకి పిల్లలు లేరు. మొగుడు ఎర్నెస్ట్ ఏనాడో పోయాడు. ఆవిడ పోయిన వారానికే ఫ్లోరిడాలో ఉన్న మేనల్లుళ్ళు, పొలంతో సహా అన్నీ అమ్మేయమని కల్నల్‌కి ఫోన్లో చెప్పారు. తాము మాత్రం రాలేదు. కల్నల్ అంటే పటాలం మనిషని కాదు. ఆ ప్రాంతంలో వేలం నడిపేవాడు ఎవడైనా కల్నలే. ఈ కల్నల్ పేరు బడ్ మెక్‌విటీ. కుర్రతనంలో పటాలానికి పోతే పాదాలు చదునుగా ఉన్నాయని ఇంటికి పంపేశారు.

పెరట్లో గడ్డిబళ్ళు రెండు పక్కపక్కనే నిలబెట్టి, వాటి మీద ఇంటి సామాను పరిచారు. నొరీన్ తిన్నగా వంటింటి సామాను ఉన్న బండి దగ్గరికి పోయింది. జగ్గు కేకుపెనాల వెనకాల ఉంది. కళ్ళు సగం మూసుకుని బొటనవేలు అంచు చుట్టూ నడిపించింది. కంటికి ఆనని పెచ్చు వేలికి తగులుతుంది. పిడి దగ్గర ఒకచోట ఈగ కూర్చున్నంత లేచింది, అంతే. తిరగేసి అడుగు చూసింది. నకళ్ళకి అడుగు నున్నగా మెరుస్తుంది. దీని అడుగు బల్ల మీద ఏళ్ళ తరబడి పెట్టి తీసి, పెట్టి తీసి, గరుకు తేలిపోయింది.

ఇటూ అటూ చూసి, దాన్ని ఒక అట్టపెట్టెలో పెట్టి, పైన ప్లాస్టిక్ మూతలు, చేతిగుడ్డలు కప్పింది. ఆ పెట్టెను ఎవరూ పట్టించుకోకపోతే మొత్తం కలిపి చిల్లరకే వస్తుంది.

చర్చి ఆడవాళ్ళ తరఫున భోజనాలు పెట్టే మార్జ్ డిల్లన్, చేతుల నిండా ఆపిల్ పై రేకుపళ్ళేలతో అటుగా పోతూ ఆగింది.

"ఏం నొరీన్, గుడ్లు పొదగేస్తున్నావా?"

"సర్దుతున్నా."

"సర్దు తల్లీ, సర్దు. నీ సర్దుడు కౌంటీ అంతా ఎరిగిందే."

నొరీన్ దాచింది మార్జ్ దగ్గర కాదు. మెళ్ళో తాడుకి కళ్ళజోడు వేలాడేసుకుని వచ్చే ప్రెస్టన్ దగ్గర. అతను కొలంబస్‌లో పాత సామాను కొట్టు నడుపుతాడు. జేబులో ఊదారంగు వెలుగు పడే చిన్న టార్చి ఉంటుంది. ఆ వెలుగు తగిలితే ఆ కాలపు ఆకుపచ్చ గాజు మిణుగురులా మెరుస్తుంది, ఎంత లోతున దాచినా దొరికిపోతుంది. అతను ఇదివరకు నొరీన్ నోటి ముందు నుంచి చాలా ఎత్తుకుపోయాడు. అతని చేతిలో ఓడిపోయి ఓడిపోయి ఆమె ఒక పద్ధతి నేర్చుకుంది. బండికి ఆనుకుని అందరికన్నా ముందు నిలబడాలి. ఎవరు తన మీద పాడుతున్నా వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే మొహంలో ఆశ కనపడుతుంది. ఆశ కనపడితే అవతలివాడు ఇంకో మెట్టు ఎక్కుతాడు.

కల్నల్ బండెక్కి గొంతు సవరించుకున్నాడు. అతని అల్లుడు పెట్టెల్ని ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తున్నాడు. నొరీన్ సర్దిన పెట్టె ఎత్తబోయి, బరువు తేడా తెలిసి, లోపల చెయ్యి పెట్టి జగ్గు బయటికి తీశాడు.

"ప్లాస్టిక్ మూతల కింద గాజు జగ్గు పుట్టింది చూడండర్రా," అన్నాడు కల్నల్. "ఈ వంటింట్లోంచి ముందొచ్చింది ఇదే. విడిగా పాడదాం."

జనం నవ్వారు. నొరీన్ మెడ కదల్చలేదు.

పాట మొదలైంది. ఆమె తల ఊపింది. వెనకాల దూరంగా ఎవరో పెంచారు. కల్నల్ చూపు ఆమె తల మీదుగా పోయి తిరిగొచ్చింది. కొలంబస్ వాడే అనుకుంది. మళ్ళీ ఊపింది. వెనకాల మళ్ళీ పెరిగింది. ఆ తర్వాత ఎక్కడా చప్పుడు లేదు. అంత జనంలో దగ్గు కూడా వినపడలేదు. కల్నల్ కూడా పాట ఆపి ఆమె మొహంలోకే చూశాడు, ఏదో అడుగుతున్నట్టు. నొరీన్ ఇంకోసారి తల ఊపింది.

కల్నల్ గొంతు తగ్గించి, ఒకటోసారి, రెండోసారి అన్నాడు. సుత్తి పడింది. అది సుత్తి దెబ్బలా లేదు, చెక్క మీద చెయ్యి ఆనించినట్టుంది.

జగ్గు గుండెలకి ఆనించుకుని ఆమె ట్రక్కు దగ్గరికి వచ్చింది. దారిలో ఎవరూ పలకరించలేదు. లైల్ బానెట్‌కి ఆనుకుని కాఫీ తాగుతున్నాడు.

"ఎంతకొచ్చిందో చూశావా?"

"చూశా."

"సగం ధర కూడా కాదు. కొలంబస్ వాడు అప్పుడే చల్లబడ్డాడు."

"కొలంబస్ వాడు కొట్టంలో గోడగడియారం ఊడదీసుకుని కూర్చున్నాడు. ఇటు రానేలేదు."

"మరి నా మీద పాడిందెవరు?"

"వేన్."

"ఏ వేన్?"

"ఆల్మా వేన్," అన్నాడు లైల్.

నొరీన్‌కి ఆ పేరు చూచాయగా తెలుసు. నదికి అవతలి ఒడ్డు నుంచి ఆమె పెళ్ళి చేసుకుని వచ్చేనాటికే అతను ఊళ్ళో లేడు. లైల్ ఎప్పుడూ లేనిది వరసగా నాలుగు మాటలు చెప్పాడు. తల్లిదండ్రులు లేని వేన్ ఫ్లెషర్ని కౌంటీ అధికారులు చిన్నప్పుడు బట్టలున్న కాగితం సంచీతో తెచ్చి క్రౌస్ దంపతులకి అప్పగించారు. వాళ్ళు పెంచారు. దత్తత కాగితాలు రాయిద్దామని ఎర్నెస్ట్ అంటూనే పోయాడు. వేన్ పెద్దవాడై, నది మీద బొగ్గు పడవలు తోసే పనిలోకి వెళ్ళాడు. ఏటా ఆకులు రాలే రోజుల్లో వచ్చి, ఆల్మాకి చలికాలానికి సరిపడా కట్టెలు కొట్టి పేర్చిపోయేవాడు.

"ఊరందరికీ కనపడ్డాడు. నువ్వు ముందు నిలబడ్డావు, నీకు కనపళ్ళేదు," అన్నాడు లైల్.

అప్పుడు ఆ నిశ్శబ్దం ఏమిటో నొరీన్‌కి తెలిసింది. ఇల్లు వేలానికి వచ్చినప్పుడు ఆ ఇంటి మనిషి ఏదైనా వస్తువుకి చెయ్యెత్తితే, మిగతావాళ్ళు చేతులు దించేస్తారు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు. చిన్నప్పుడు తండ్రుల పక్కన నిలబడి చూసి నేర్చుకుంటారు. లైల్ పినతండ్రి ఇల్లు అమ్మినప్పుడు నొరీన్ కూడా, ఎంతో మనసుపడ్డ వెన్న చిలికే డబ్బా వాళ్ళ పిల్ల అడిగిందని వదిలేసింది. వేన్‌కి కాగితాల్లో ఆ ఇంటితో సంబంధం లేదు. అతను చెయ్యెత్తితే జనం ఏం చేస్తారో ఈవేళ దాకా ఎవరికీ తెలీదు. ఈవేళ అందరూ దించేశారు, ఆమె తప్ప.

"నువ్వు చెప్పొచ్చుగా లైల్."

"నీ పాట మధ్యలో నోరు విప్పితే ఊరుకుంటావా?"

ఊరుకోదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మొక్కజొన్న గాదె పక్కన వేన్ ఒంటరిగా నిలబడి ఉన్నాడు. గడ్డం మాసిన మనిషి, నలభై దాటి ఉంటాయి. చేతులు పడవ తాళ్ళకి బండబారాయి. నొరీన్ జగ్గు పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"వేన్ నువ్వేనా?"

"అవునండి. మీరు బస్సు నడుపుతారు."

"నువ్వు పాడుతున్నావని నాకు తెలీదు. తీసుకో."

"మీరు పాడుకున్నారు. మీదే."

"డబ్బేం వద్దు. నేనే ఇస్తున్నా."

"ఇస్తే వద్దండి." అతను జగ్గు వైపు చూశాడు. "అసలు నాకదెప్పుడూ నచ్చలేదు. దాన్లో పాలు పోస్తే గుంట నీళ్ళలా ఉండేవి. తాగిందాకా ఆవిడ కదలనిచ్చేది కాదు."

"మరెందుకు పాడావు?"

వేన్ పెరట్లోకి చూశాడు. బండి మీద కేకుపెనాలు పాడుతున్నారు.

"వంటింట్లోంచి ముందు అదొచ్చింది. చెయ్యెత్తి చూద్దామనుకున్నా."

"ఇంకా బోలెడు సామానుంది, పాడు మరి."

"ఎత్తాను గదండీ," అన్నాడు వేన్. "చూశాను."

నొరీన్ వెనక్కి వచ్చి ట్రక్కులో కూర్చుంది. జగ్గుని పేపర్లలో చుట్టింది. ఇంటికి పోవాలని ఉంది. మధ్య అర ఇవాళ నిండుతుంది. తెలీక చేసింది, కావాలని కాదు. ఇస్తానంటే వద్దన్నది అతనే. ఎవరికైనా చెప్పుకోవచ్చు, ఎవరైనా ఒప్పుకుంటారు. లైల్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు గాని తాళం తిప్పలేదు. అద్దం లోంచి గాదె వైపు చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి ఆమె పేపర్లు విప్పేసింది.

మొదటి బండి అయిపోయి కల్నల్ రెండో బండి ఎక్కబోతున్నాడు. నొరీన్ వెళ్ళి జగ్గు అతని కాళ్ళ దగ్గర పెట్టింది.

"కల్నల్ గారూ, దీన్ని మళ్ళీ ఎక్కించాలి."

"ఏం, బీట ఉందా?"

"లేదు."

"నకలా?"

"కాదు."

"మరేం రోగం దానికి?"

"రోగం నాది. వెనక్కి తిరిగి చూళ్ళేదు."

కల్నల్ ఆమెని చూసి, గాదె వైపు చూసి, టోపీ సర్దుకున్నాడు. "నా కమీషన్ రెండుసార్లొస్తుంది. నాకేం నష్టం?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అయితే ఆ కొలంబస్ ఆయన ఇప్పుడు ఇక్కడే ఉన్నాడమ్మా. ఆయనకి మన సంగతులు తెలీవు."

ప్రెస్టన్ అప్పటికే జగ్గు చూశాడు. కళ్ళజోడు ముక్కు మీదికొచ్చింది. నొరీన్ అతని పక్కకి పోయింది.

"దాని మీద పాడకండి."

"ఎందుకమ్మా? మీరు పాడితే ముచ్చట, నేను పాడితే తప్పా?"

"అది ఇంటివాళ్ళది."

"ఇంటివాళ్ళదైతే బండి మీద ఏం చేస్తోంది?"

నొరీన్‌కి అతని మాటలో తప్పు కనపడలేదు. ఆమె పోయి ఎప్పుడూ నిలబడే చోటే, బండికి ఆనుకుని నిలబడింది. ఈసారి మాత్రం వీపు బండికి ఆనించి, జనం వైపు తిరిగి, రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంది.

"ఈ జగ్గు మళ్ళీ వచ్చింది," అన్నాడు కల్నల్. "సరుకులో వంక లేదు. కొన్నవాళ్ళు కుదురుగా ఆలోచించుకుని వెనక్కిచ్చారు. ఎవరైనా మొదలుపెట్టండి."

ఎవరూ మొదలుపెట్టలేదు. మొహాలన్నీ నొరీన్‌కి కనపడుతున్నాయి. ఒకడు బూటుకంటిన మట్టి చూసుకుంటున్నాడు, ఒకడు మబ్బు చూస్తున్నాడు. మార్జ్ భోజనాల కోసం వేసిన వంటపాక గుమ్మంలోకి వచ్చి, గరిటె పట్టుకుని నిలబడింది. వేన్ గాదె దగ్గరే ఉన్నాడు. చేతులు కట్టుకునే ఉన్నాడు.

మెక్‌విటీ కల్నల్ వేలంలో ఊపిరి తీసుకోగా చూసినవాళ్ళు లేరు. ఆవేళ మంచినీళ్ళ సీసా అడిగి తాగాడు. మూత మెల్లగా బిగించాడు. జగ్గు ఎత్తి ఒక పక్క చూపించాడు, తర్వాత రెండో పక్క చూపించాడు. వేన్ కదల్లేదు.

ప్రెస్టన్ పాట పాడే నంబరు కార్డు ఎత్తాడు.

తలలన్నీ ఒక్కసారి అతని వైపు తిరిగాయి. ఎవరూ మొహం చిట్లించలేదు. ఊరికే చూశారు. ప్రెస్టన్ తన చొక్కా మీద ఏమైనా పడిందా అన్నట్టు కిందికి చూసుకున్నాడు. పాట చెప్పాడు కాబట్టి కల్నల్ దాన్ని పలకక తప్పలేదు. ఒకసారి పలికాడు. రెండోసారి పలకడానికి తొందరపడలేదు.

నొరీన్ వేన్ వైపే చూస్తోంది. తను తల ఊపితే ఈ గొడవంతా ఇక్కడితో పోతుంది, జగ్గు కొలంబస్ పోదు. మెడ బిగపట్టుకుంది.

వేన్ చేతులు విడదీశాడు. కుడిచెయ్యి భుజం దాకా లేచింది, అంతకన్నా పైకి లేవలేదు.

"అమ్మేశా," అన్నాడు కల్నల్. మాటా సుత్తీ కలిసే పడ్డాయి.

"నా కార్డు పైనే ఉంది," అన్నాడు ప్రెస్టన్. "ఆయనెవరో గాని, ఆయన మీద నేను పెంచాను."

"చూళ్ళేదండీ. ఎండ కళ్ళలో పడింది."

ప్రెస్టన్ తలెత్తి మబ్బు చూశాడు. వెనకాల ఎవరికో దగ్గొచ్చింది, చాలాసేపు తగ్గలేదు. ప్రెస్టన్ ఇంకేదో అనబోయి, జనాన్ని ఒకసారి కలయజూసి, కార్డు జేబులో పెట్టుకున్నాడు.

"తర్వాతి సరుకు," అన్నాడు కల్నల్.

ఆ తర్వాత ఇంకో గంట ఇంటి సామాను పాట సాగింది. వంటింటి ముక్కాలిపీట పాటకి వచ్చినప్పుడు వేన్ గాదె దగ్గర నుంచి నాలుగడుగులు ముందుకొచ్చి చెయ్యెత్తాడు. ఎవరూ పెంచలేదు. కల్నల్ ఒకటోసారి అనకుండానే ఇచ్చేశాడు.

వంటపాకలో పొడుగు బల్లలు వేశారు. ఉడకబెట్టి మెదిపిన బంగాళాదుంపల మీద కోడికూర నూడిల్స్ పోసి, పక్కన బ్రెడ్డు పెట్టి ఇస్తున్నారు. మార్జ్ డబ్బుల డబ్బా ముందు నిలబడి, వరసలో ప్రతివాడి దగ్గరా తీసుకుంటోంది. నొరీన్ దగ్గర కూడా తీసుకుంది, చిల్లర ఇస్తూ అంది:

"అయినా నువ్వు ముందే చూసుండాల్సింది."

"అవును," అంది నొరీన్.

వాళ్ళ వెనకాలే వేన్ ఉన్నాడు. చంకలో జగ్గు, రెండో చేతిలో నోటు. మార్జ్ ఆ నోటు వైపు చూడలేదు. పళ్ళెం నిండా వడ్డించి అతని ముందుకి తోసింది. వేన్ నోటు ఇంకొంచెం చాపాడు.

"ఇంటివాళ్ళ దగ్గర తీసుకోం," అంది మార్జ్, వంటపాకలో మిగిలినవాళ్ళకి చెప్పే గొంతుతోనే. "జరుగు అబ్బాయ్, వెనకాల జనం ఉన్నారు."

బల్లల దగ్గర ఖాళీ ఎక్కువ లేదు. లైల్ కొంచెం పక్కకి జరిగాడు. వేన్ పళ్ళెం బల్ల మీద పెట్టి, జగ్గు రెండు బూట్ల మధ్య నేల మీద పెట్టుకుని, నొరీన్ ఎదురుగా కూర్చున్నాడు. నొరీన్ జగ్గు వైపు చూడకుండా ఉండలేకపోయింది. ఒకసారి చూసింది. తర్వాత చెంచా తీసుకుంది.

లైల్ ఉప్పు వేసుకుని, ఉప్పుడబ్బా బల్ల మధ్యకి జరిపాడు. వేన్ అందుకున్నాడు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. బయట కల్నల్ ట్రాక్టరు పాట మొదలుపెట్టాడు. బల్ల దగ్గర నుంచి ఎవరూ లేవలేదు. నూడిల్స్ వేడిగా ఉన్నాయి. పళ్ళేలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.